వెనక లేని కెమెరా

మా వెస్లీ అన్న దాక్కుంటాడు. ఎవరికో భయపడి కాదు, వృత్తిరీత్యా. బాన్సువాడ పెళ్ళిళ్ళకు మూడువందల అరవై డిగ్రీల కెమెరా తెచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆ కెమెరా చుట్టూ ఉన్నదంతా ఒకేసారి చూస్తుంది. తరువాత వీఆర్ హెడ్‌సెట్ కళ్ళకు తగిలించుకుంటే పెళ్ళి మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది, తల ఎటు తిప్పితే అటు కనిపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే, దానికి వెనక అనేది లేదు. తీసేవాడు ఎక్కడ నిలబడ్డా బొమ్మలో పడతాడు. అందుకని అన్న కెమెరాను నడిమధ్య నిలబెట్టి, మీట నొక్కి, పరుగెత్తి ఏదో ఒక చాటుకు చేరతాడు.

ఆయన స్టూడియోలో ఎడిటింగ్ చేసేది నేను, వందనను. ఎడిటింగ్ అంటే గొప్పగా వినిపిస్తుంది గాని, నా పనిలో సగం వెస్లీ అన్నను తుడిచెయ్యడమే. నీళ్ళ డ్రమ్ము వెనకనుంచి పొడుచుకొచ్చిన ఆయన మోచేతిని వాళ్ళావిడ కన్నా నేనే ఎక్కువసార్లు చూసి ఉంటాను.

వర్ని దగ్గర ఒక రైతు తన పొలం తీయించుకున్నప్పుడు అన్న గేదె చాటున నక్కాడు. గేదె నడిచింది. అన్న నడుం వంచి దాని పక్కనే నడిచాడు. గేదె కాలువలోకి దిగింది. ఒప్పుకోవాలి, ఆ వీడియోలో అన్న ఎక్కడా కనపడలేదు.

పెళ్ళివారు అన్నం పెట్టడానికి వీడియో ఆయన ఏడని వెతుకుతుంటే బల్ల కిందినుంచి గంభీరంగా జవాబొస్తుంది. "ఈడనే ఉన్న. నా దిక్కు సూడకుండ్రి."

ఈ పాట్లెందుకు, ఓ మూల నిలబడితే నేను తుడిచేస్తాను కదా అని ఒకసారి అడిగాను. "సూసెటోళ్ళు ఆడ కూసున్నట్టుండాలె వందనా. నడుమ నేనేంది?" అన్నాడు. చాదస్తం అనుకున్నాను.

మొన్న వైశాఖంలో రాజేశ్వర్ గారి అమ్మాయి సింధుజ పెళ్ళి. తల్లి పోయాక సింధుజను పెంచింది నాయనమ్మ సాయవ్వ. పెళ్ళికి నాలుగు రోజుల ముందు సాయవ్వ జారిపడితే తుంటి ఎముక విరిగింది. నిజామాబాద్ దవాఖానలో చేర్చారు. లగ్గం ఆపొద్దని ఆమే పట్టుబట్టింది. ఆ తరువాత గోడ వైపు మొహం తిప్పుకుని ఎవరితోనూ మాట్లాడలేదట. పెళ్ళిలో పిల్ల తల మీద చెయ్యి పెట్టి దీవించాలన్నదే ఆమెకు మిగిలిన కోరిక.

పెళ్ళినాడు వెస్లీ అన్న ముందు వరుసలో ఒక కుర్చీ తీయించి, కూర్చున్న సాయవ్వ కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో రాజేశ్వర్ గారిని అడిగి, సరిగ్గా అంత ఎత్తున కెమెరా నిలబెట్టాడు. సింధుజ చెవిలో ఏదో చెప్పి కుర్చీల దొంతర వెనక్కి మాయమయ్యాడు. తలంబ్రాలయ్యాక సింధుజ వచ్చి కెమెరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది. పెళ్ళికొడుకు కాళ్ళకు మొక్కబోయాడు గాని, స్టాండుకు మూడు కాళ్ళు. ఏ రెండింటికి మొక్కాలో తేలక మూడూ ముట్టుకున్నాడు. ఇది ఇక్కడి ఆనవాయితీ కాబోలనుకుని మగపెళ్ళివారంతా వరుస కట్టారు.

పుణెలో అత్తారింటికి వెళ్ళే ముందు సింధుజ దవాఖానకు వచ్చిందట గాని, అప్పుడు సాయవ్వ మందుల మత్తులో ఉంది. ఆ మర్నాడు అన్నా నేనూ పెళ్ళి వీడియో తీసుకుని వెళ్ళేసరికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఫోటోలు నాకెందుకు కొడుకా? ఆడ నేను లేను గదా," అంది.

అన్న ఆమె కళ్ళకు హెడ్‌సెట్ తగిలించాడు. సాయవ్వ తల అటూ ఇటూ తిప్పింది. పంతులు మంత్రాలు మింగుతున్నాడని, కొడుకు అన్నం తినకుండా తిరుగుతున్నాడని కోప్పడింది. ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. సింధుజ వచ్చిందని నాకర్థమైంది. సాయవ్వ చెయ్యి లేచి ముందుకు దిగసాగింది. అక్కడ ఏమీ లేదు. ఆ చేతికి వట్టి గాలి తగిలితే అంతా అయిపోతుందనుకున్నాను.

పక్కకు చూస్తే వెస్లీ అన్న లేడు. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళికూతురంత బుద్ధిగా తల వంచి ఉన్నాడు. చాదస్తం అనుకున్నందుకు నాకు సిగ్గేసింది. సాయవ్వ చెయ్యి నున్నటి బట్టతల మీద ఆగింది. మెల్లగా నిమిరింది.

"జుట్టంత ఏడ వోయిందే బిడ్డా?"

అన్న ఊపిరి బిగబట్టాడు. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. సాయవ్వ హెడ్‌సెట్ తియ్యలేదు, చెయ్యీ తియ్యలేదు. నిండు నూరేళ్ళు చల్లగా బతకమని సింధుజను పేరుపెట్టి దీవించింది. తరువాత కొంచెం గొంతు తగ్గించింది.

"నువ్వు గూడ సల్లగుండు కొడుకా. ఇగ లే, మోకాళ్ళు నొస్తయి."