అప్పగింతల కారు తాళం

కారు కాస్త వేగం అందుకోగానే నాలుగు తలుపులకూ ఒక్కసారే టక్కుమని తాళాలు పడతాయి, ఎవరూ ముట్టుకోకుండానే. ఆ చప్పుడు వింటే నేను ఎక్కడికో వెళ్ళిపోతాను. పక్కన మా ఆయన ఏదో చెబుతూనే ఉంటాడు, నేను ఊ కొడుతూనే ఉంటాను. మనసు మాత్రం సూర్యాపేటలో, బంతిపూలు కట్టిన కారులో కూర్చుని ఉంటుంది.

నా అప్పగింతల సాయంత్రం అది. వాకిలంతా పసుపు నీళ్ళు చల్లినట్టు ఎండ. అమ్మ ఏడ్చింది, చిన్నమ్మలు ఏడ్చారు, ఏడుపు రానివాళ్ళు మర్యాదకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాయిన ఒక్కడే లేడు. "అప్పగింతలప్పుడు నేనుండ" అని పొద్దుటి నుంచి అంటూ, అన్నట్టే ఎటో పోయాడు. మొండిమనిషి. ఆయన్ని చూడకుండా వెళ్ళడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అయినా ఎక్కించేశారు. ఎక్కిన పెళ్ళికూతురు మళ్ళీ దిగకూడదట.

కారు నడిపేది నా మరిది. కోదాడలో స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన బండి. రోడ్డెక్కగానే తాళాలు పడ్డాయి. అంతలో నాయిన రోడ్డు పక్క నుంచి పరుగున ఎదురొచ్చాడు. కారు ఆగీ ఆగకముందే నా వైపు హ్యాండిల్ పట్టి గుంజాడు.

మరిది మీట నొక్కాడు. తలుపు రాలేదు. తలుపు రేకు లోపల చిన్న మోటారు ఉంటుంది, అది కడ్డీని తోస్తేనే తాళం వీడుతుంది. అదే క్షణంలో బయట ఎవరైనా హ్యాండిల్ గుంజి పట్టుకుంటే కడ్డీ కదలదు. ఇది నాకు తరవాత తెలిసింది.

"మామా, జర హ్యాండిల్ ఇడువు! నువ్వు ఇడిస్తెనే తలుపొస్తది!" అని మరిది లోపలి నుంచి అరిచాడు. బయటికి ఏం వినపడుతుంది? మేమే తీయడం లేదనుకుని నాయిన ఇంకా గట్టిగా గుంజాడు. అద్దం దించుదామన్న తెలివి ఒక్కరికీ రాలేదు. చివరికి ఆయన హ్యాండిల్ వదిలేసి, తల వంచుకుని వెనక్కి తిరిగాడు. మరిది మళ్ళీ నొక్కితే తాళం వీడింది.

"వదినా, దిగొద్దంటరు!" అని మరిది అంటూనే ఉన్నాడు, నేను దిగేశాను.

"నాయినా!"

తిరిగి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకు దిగినవే? శకునం పాడైతది, ఎక్కు" అని కసిరాడు. ఎక్కాను. ఆయన తలుపు పట్టుకుని వంగి, "జర జరుగు" అన్నాడు.

పెళ్ళికొడుకు అటు కిటికీకి అతుక్కుపోయాడు. నాయిన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పొలాలు, కాలువలు, పొద్దు అన్నీ మెల్లగా జారిపోతున్నాయి. ఆయన భుజానికి తల ఆనించుకుని, అత్తగారి ఊరు మిర్యాలగూడ ఎప్పటికీ రాకపోతే బాగుండనుకున్నాను. వచ్చింది. ఉడికిన వడ్ల వాసన తగలగానే మిల్లుల దగ్గర కారు ఆపించాడు. పిలవకుండా ఆ పూట వియ్యంకుల గడప తొక్కడు కదా.

"ఇగ పో బిడ్డా. నాకు జర ధైర్నమొచ్చింది" అని దిగి తలుపు వేశాడు. సూర్యాపేట బస్సు కోసం పెళ్ళిబట్టల్లోనే రోడ్డు పక్కన నిలబడ్డాడు.