చల్లబెట్టబోయిన ద్రాక్షరసం

మా చర్చి వెనక గదిలో ఒక పాత ఫ్రిజ్ ఉండేది. ప్రభువు బల్ల కోసం తీసిన ద్రాక్షరసం అందులోనే పెట్టేవాళ్లం. అందరూ తలవంచి మౌనప్రార్థనలో ఉన్నప్పుడే అది గుర్రుమని మొదలుపెట్టేది. ఏం చేద్దామని పాస్టరు అయ్యగారు కమిటీలో అడిగితే, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే నేను ఊరుకోలేకపోయాను.

"కంప్రెసర్ లేని పెట్టె చేసిస్తాను. గ్యాస్ ఉండదు, చిన్న ఫ్యాన్లు తప్ప తిరిగేదేమీ ఉండదు" అన్నాను. "అగ్గిపెట్టెంత పింగాణీ బిళ్ల. లోపల సెమీకండక్టర్ ముక్కలుంటాయి. కరెంటు పంపితే అవి ఒక ముఖం నుంచి వేడిని లాగి రెండో ముఖానికి తోస్తాయి. కరెంటు తిరగేస్తే చల్లన ఇటు, వేడి అటు మారిపోతాయి." ఎవరూ అడక్కపోయినా కాగితం మీద బొమ్మ కూడా గీశాను.

ద్రాక్షరసం తీసే అవ్వ ఒక్కతే అడిగింది. "ఆ వేడి యాడికి పోతాదప్పా?"

"బయటికి పోతాదవ్వా. దానికే వెనకాల రేకులు, ఫ్యాను పెడతాం."

శనివారం సాయంత్రం థర్మోకోల్ పెట్టెకు బిళ్ల బిగించి, వైర్లు కలిపి, రసం సీసా లోపల పెట్టాను. ఫ్యాన్లు తిరిగాయి. చెయ్యి పెట్టి చూడాలని కూడా తోచలేదు. నామీద నాకు అంత నమ్మకం.

ఆదివారం పొద్దున అవ్వ మూత తీసి నన్ను కేకేసింది. సీసా వెచ్చగా ఉంది. రసం మీద నురగ.

"ఏందప్పా సారూ, సారాయి కాస్తాండావా?"

"ఓల్టేజీ తక్కువేమో" అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోకుండా వెనకున్న రేకుల మీద చెయ్యి పెట్టింది. "బయట సల్లగుండాది, లోపల కాగుతాండాది. తిరగేసి కలిపినావేమో సూడు."

చూశాను. ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది ఉంది.

స్కూటర్ మీద బజారుకు పరిగెత్తి నల్లద్రాక్ష తెచ్చాను. అవ్వ కడుగుతుంటే నేను గుడ్డలో వేసి పిండాను. తెల్లచొక్కా పాడైంది. ఆరాధన అరగంట ఆలస్యమైంది. "మన సార్ వల్ల ఈరోజు స్వల్ప లేటు" అని అయ్యగారు అందరి ముందూ చెప్పారు. నవ్వనివాళ్లు లేరు.

వైర్లు మార్చాక పెట్టె బాగానే పనిచేస్తోంది. కాకపోతే మా బళ్లారి ఎండల్లో కుండనీళ్లంత చల్లనే. ఆ సంగతి నేను కమిటీలో చెప్పలేదు. "ఇంత సాలప్పా, గొంతు పట్టదు" అంది అవ్వ.

తొమ్మిదో తరగతిలో ఈ ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం, ఆ వైర్లు కలిపింది నా స్నేహితుడంటాను.