అతుకుల అంగీ

దుమ్ముగాలి మొదలవగానే లాగోస్ నుంచీ, ఎనుగు నుంచీ చుట్టాలంతా క్రిస్మస్‌కి ఊళ్లో దిగారు. ఆ ఇంట ఏటా అందరికీ ఒకే తానులోంచి బట్టలు. గుడ్డ కొనేది పెద్దాడబిడ్డ అడాకు, కుట్టేది కోడలు ఉజోమా. పెళ్లయిన ఇన్నేళ్లకు ఈ ఏడే ఉజోమా కడుపు పండి, చిదుబెమ్ పుట్టాడు.

"నీ కొడుక్కి గుడ్డ కొనడం మరిచానే," అంది అడాకు, అందరూ వినేలా. "నీకూ ఓ పిల్లాడున్నాడంటే ఎవరికి అలవాటయిందని?"

ఆ మాట వస్తుందని ఉజోమాకు తెలుసు. జవాబు ముందే కుట్టి ఉంచింది.

"పోనీలే వదినా," అంటూ సంచిలోంచి చిన్న అంగీ తీసి చిదుబెమ్‌కు తొడిగింది. అన్నీ అతుకులే. పిల్లల్లేని ప్రతి క్రిస్మస్‌కీ తానులోంచి ఒక పీలిక దాచుకుందామె.

మేకమాంసం కలుపుతున్న అత్త గరిటె వదిలేసి వచ్చింది. చేపల బొమ్మలున్న ముక్కను తడిమింది. "ఇది మీ మామ కట్టిన ఆఖరి పండగ బట్ట."

"ఆ పచ్చది నా పెళ్లయిన ఏడాదిది," అడాకు నోరు జారింది.

అత్త మనవణ్ణి ఎత్తుకుంది. "వీడికిది తొలి క్రిస్మసని ఎవరన్నారు? ఒక్క పండక్కీ తప్పలేదు నా తండ్రి. ఇంటిల్లిపాదీ దిగే పండగ ఫోటోలో వీడు ముందుంటాడు. ఈ ఏటి కొత్త బట్ట కట్టినవాళ్లంతా వెనక్కి నడవండి."