ఏడు గంటల రొట్టె

బరువు తగ్గేటప్పుడు మెచ్చుకోని వాళ్ళు లేరు. శంషాబాద్ బస్టాండులో కనబడ్డ వాళ్ళు కూడా ఆపి మరీ అడిగేవాళ్ళు, ఏం తింటున్నావని. తగ్గింది మళ్ళీ పెరగకుండా నేను పడ్డ పాట్లు మాత్రం ఎవరికీ పట్టలేదు. డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది, ఈ బరువు నిలబెట్టుకుంటే షుగరుకు మాత్రలు చాలు, పెరిగితే ఇన్సులిన్ సూదులేనని. సూదంటే నాకు చచ్చేంత భయం.

అందుకని బడిలో పాఠాలు చెప్పడం అయిపోగానే ఎయిర్‌పోర్టు రోడ్డు వెంట నడిచేదాన్ని. రాత్రి ఏడింటికల్లా జొన్నరొట్టె, ఆకుకూర తినేసేదాన్ని. నడక ఎవరికీ అడ్డం రాలేదు, రొట్టె వచ్చింది. మా ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ఇంటికొచ్చేసరికి పది దాటుతుంది. ఆయన తిన్నాకే మా ఇంట్లో ఆడవాళ్ళు తినాలి. అత్తమ్మ ఆ వయసులోనూ ఆకలితో కూర్చునేది. అదో గొప్ప ఆమెకు.

మొదట్లో నేను తింటుంటే గిన్నెలు ఎత్తెత్తి పడేసేది. తర్వాత వచ్చిన చుట్టాలందరికీ చెప్పడం మొదలుపెట్టింది, మా కోడలికి మొగుడి ఆకలి పట్టదని. ఒకరోజు నా పళ్ళెం ముందుకొచ్చి నిలబడింది.

"ఇంటి మొగోడు ఇంకా రాకనేపాయె. నీకు ముద్ద ఎట్ల దిగుతున్నదే?"

మా ఆయనతో చెప్పుకున్నాను. ఫోన్లోంచి తలెత్తకుండా, పెద్దమనిషి కదా, జర సర్దుకో అన్నాడు. సర్దుకున్నాను, ఇంకేం చేస్తాను? పదింటిదాకా కడుపు మాడ్చుకుని, ఆయన తిన్నాక ఆత్రంగా తినేదాన్ని. గిన్నెలో మిగిలిన అన్నం పారేయడానికి చేతులు రాక అదీ తినేదాన్ని. ఏడాది తిరిగేలోపు పోయిన బరువంతా వచ్చి కూర్చుంది. పొట్టలో మొదటి సూది పొడుచుకున్న రోజు బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చాను. దానికి నోరు కట్టుకోవడం చేతకాలేదని అత్తమ్మ మా ఆడపడుచుకు ఫోన్లో చెబుతుంటే ఒళ్ళు మండిపోయింది.

మొన్న దసరా వెళ్ళాక మా ఆయనకూ షుగరు బయటపడింది. ఇంకా ఆరంభమే. రాత్రి తిండి ఏడింటికే ముగించమన్నారట. అంతే, సాయంత్రం ట్రిప్పులు బంద్. అత్తమ్మే పిండి కలుపుతుంది, ఏడు కొట్టకముందే కొడుకును పళ్ళెం ముందు కూర్చోబెడుతుంది. నాకోసం ఏళ్ళ తరబడి కుదరనిది ఆయన కోసం ఒక్క పూటలో కుదిరింది. ఆయన తిన్నాక నేనూ తొందరగానే తింటున్నాను. సూదులు మాత్రం ఆగలేదు.

ఆయన బాగా తగ్గాడు. నిన్న రాత్రి వేడిరొట్టె వడ్డిస్తుంటే నన్ను ఎగాదిగా చూసి, ప్రేమగానే అన్నాడు.

"నువ్వు గూడ గిట్ల టైముకు తింటే సూదుల దాకా రాకపోతుండె గదా. జర మనసు గట్టిగ చేసుకోవాలె."

అత్తమ్మ అవునన్నట్టు తలూపి, ఇంకో రొట్టె తెమ్మంది.