మా అత్త వెతికి తెచ్చిన ఇద్దరు

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ఎచ్చెర్లలో, యూనివర్సిటీ ఎదురుగా ఉన్న నా జిరాక్స్ షాపులో ఎవరిదో థీసిస్ బైండింగుకి సర్దుతున్నాను. "టీ తాగి గ్లాసు కింద పెట్టిందట. గోడకి ఆనుకుందట. అంతేరా" అన్నాడు. సరే వస్తున్నానన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా మిగిలిన పేజీలన్నీ నంబర్లు చూసి వరసగా పెట్టాను. థీసిస్ తాలూకు అమ్మాయికి రేపు రమ్మని చెప్పాను. ఆటోలో కూర్చున్నాక షట్టరుకి తాళం వేశానా లేదా అనే ఆలోచించాను తప్ప అత్త గురించి ఒక్క ఆలోచన రాలేదు. పదహారు రోజులైంది. ఇంకా ఏడుపు రాలేదు. మీతో చెప్పుకుంటే ఏమైనా కదులుతుందేమోనని ఇది రాస్తున్నాను.

అత్త అరసవల్లిలో, గుడి రోడ్డు వెనక సందులో, జాకెట్లు కుట్టి బతికింది. పెళ్ళి చేసుకోలేదు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది, ఒక్క మాటా తడబడేది కాదు. కుట్టు బాగోలేదని ఎవరైనా అంటే వాదించేది కాదు. "ఇలాగియ్యి, ఇప్పీసి మళ్ళీ కుడతాను. ఇప్పడానికి సిగ్గేటి?" అనేది.

మాది సముద్రం ఒడ్డు ఊరు. అందరూ వేటకెళ్ళేవాళ్ళే. మా ముత్తాత, అంటే అత్తకి తాత, పోలయ్య ఒక్కడే కుట్టుమిషను పెట్టుకున్నాడు. వలలు అల్లే ఊళ్ళో ఆయనకి చొక్కాలు కుట్టడం ఎవరు నేర్పారో ఎవరికీ తెలీదు, ఆయన చెప్పలేదు. అత్తకి మిషను తొక్కడం నేర్పింది మాత్రం ఆయనే. అత్త చిన్నప్పుడు కుళాయి దగ్గర తగువు వచ్చినప్పుడల్లా అవతలివాళ్ళు "దొంగోడి మనవరాలా" అనేవాళ్ళట. ఇంటికొచ్చి అడిగితే వాళ్ళమ్మ నోరు మూసుకోమనేది. అడగవలసిన మనిషిని అడిగే ధైర్యం అత్తకి లేకపోయింది.

డెబ్భై దాటి, చూపు తగ్గి, మిషను పక్కన పెట్టాక, ఒకరోజు బస్సెక్కి నా షాపుకి వచ్చింది.

"ఒరే, మా తాతని సిన్నప్పుడు పోలీసులు పట్టుకెళ్ళి ఏదో జైలు బడిలో పెట్టినారంట. ఊళ్ళో ముసిల్ది సచ్చిపోయే ముందు సెప్పింది. ఆ కాగితాలెక్కడుంటాయో కనుక్కో."

నా దగ్గరికి వచ్చే చరిత్ర విద్యార్థుల్ని అడిగాను. తెల్లదొరల కాలంలో నేరం చేసిన పిల్లల కోసం రిఫార్మేటరీ బళ్ళు ఉండేవని, అక్కడ ఏళ్ళ తరబడి ఉంచి వడ్రంగమో కుట్టుపనో నేర్పేవారని చెప్పారు. మన వైపు నుంచి పంపిన పిల్లల రిజిస్టర్ల నకళ్ళు విజయనగరంలో ఒక పాత రికార్డు గదిలో ఉన్నాయని వాళ్ళలో ఒకాయన అన్నాడు.

నాన్నకి ఇది నచ్చలేదు. "అప్పా, మరిసిపోయిన మాట అది. ఇప్పుడెందుకు? నా మనవలకి సంబంధాలు సూడాలా వద్దా?"

"ఒరే తమ్ముడూ, దొంగో కాదో తెలీకుండా ఇన్నాళ్ళూ తిట్టు మోసినాను. ఇకనించి తెలిసి మోస్తాను" అంది అత్త.

మూడుసార్లు వెళ్ళాం విజయనగరం. ఆ గది చూసుకునే పెద్దాయన మొదటిరోజు అడిగాడు, "ఎవరు కావాలమ్మా మీకు?"

"మా తాత."

"ఏ రిజిస్టరు, ఆయన చదువుకున్న బడిదా?"

"శిక్షేసిన బడి బాబూ" అంది, గొంతు తగ్గించకుండానే. ఆయన లేచి వచ్చి ఫ్యాను కింద కుర్చీ వేశాడు.

కాగితాలు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. అంతా ఇంగ్లీషు చేతిరాత. నేను ఊరిపేర్లు చదువుతూ వెళ్ళేవాణ్ణి, మా ఊరు కాకపోతే అత్త తల అడ్డంగా ఊపేది. మూడోసారి వెళ్ళినప్పుడు మా ఊరు దొరికింది. పోలిగాడు. వయసు పన్నెండు. తల్లీతండ్రీ లేరు. నేరం: కళ్ళంలో వడ్లు దొంగిలించుట. శిక్ష అయిదేళ్ళు. నేర్పిన పని: కుట్టు.

"గాడు అని రాసీసినారు మా తాతని" అంది అత్త. కొంచెం ఆగి, "వడ్లా?" అంది. "వడ్లే అత్తా." "తిండికన్నమాట" అంది. ఆమె ముఖంలో ఇంతకాలం బిగుసుకుని ఉన్నది ఏదో వదులైంది.

కింద వరస కూడా మా ఊరే. అప్పన్నగాడు. వయసు తొమ్మిది. పోలిగాడి తమ్ముడు. నేరం అదే, శిక్ష అంతే. నేర్పిన పని అన్న చోట ఏమీ లేదు. చివరి గడి దగ్గర నేను ఆగిపోయాను.

"ఏటి ఆగిపోనావు? సదువు."

"రెండో ఏడు జ్వరంతో చనిపోయాడని ఉంది అత్తా. అక్కడే పూడ్చారట."

మా ముత్తాతకి ఒక తమ్ముడున్నాడని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అత్త ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. ఏడవలేదు. పెద్దాయన మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు, ముట్టుకోలేదు.

తిరుగు బస్సులో శ్రీకాకుళం దగ్గర పడుతుండగా అంది: "నాకు ఏడేళ్ళప్పుడు జొరమొచ్చినాదిరా. మా తాత నా సెయ్యి పట్టుకుని కూకున్నాడు. మూడ్రోజులు మిషను తొక్కలేదు. ఎవులు లెగమన్నా లెగలేదు. ఒట్టి జొరానికి ఇంత బయమేటి ఈ ముసిలోడికి అని అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను."

నాన్నకి నేనే చెప్పాను. ఆయన "తొమ్మిదేళ్ళా?" అని మాత్రం అడిగాడు. సంబంధాల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడు పెద్దలకి పెట్టుకునే అమావాస్యకి అత్త మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వేసే విస్తళ్ళ పక్కన ఇంకొకటి వేయించింది, చిన్నది. మా అమ్మ అన్నిట్లోనూ అన్నం, చేపల పులుసు వడ్డిస్తూ వచ్చి, ఆ చివరి ఆకు దగ్గర ఎంత పెట్టాలో తెలీక గరిట పట్టుకుని నిలబడిపోయింది.

"కారం తక్కువెయ్యి. సిన్న పిల్లోడు" అంది అత్త.

తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ ఆకు ముందు కూర్చుంది. సరిగా ఆనని కళ్ళకి దగ్గరగా చేప ముక్కని పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ, ముళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగింది. నాన్న దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు.