తలుపు మీద మల్లప్ప సార్ చెయ్యి

ఇవాళ మధ్యాహ్నం మనూర్ వైపు ఒక తండాలో గుడిసెలు కాలిన వార్త చదువుతుంటే కంప్యూటర్‌లోంచి తలుపు తట్టిన చప్పుడు వచ్చింది. వేళ్ల కణుపులు పాత చెక్క మీద పడిన చప్పుడు. క్షణం ఆగి, ఎక్కడో లోపలి నుంచి వచ్చినట్టు, మెత్తగా ఇంకొకటి. మొదటిది మల్లప్ప సార్ చేసిన చప్పుడు. ఆయన పోయి రెండేళ్లవుతోంది.

సార్ నారాయణఖేడ్ విలేకరి. నేను పత్రికలో చేరిన కొత్తలో వార్త రాయడం నేర్పింది ఆయనే. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు. ఏ ఇంటికి వెళ్లినా తలుపు తట్టి, అరచెయ్యి చెక్క మీదే ఆనించి, లోపల ఎవరున్నారని కన్నడంలో పిలిచేవారు: "ఒళగ యారదార్రీ?" జవాబు రాకపోయినా చెయ్యి వెంటనే తీసేవారు కాదు. "తాళం ఉన్నది గదా సార్, ఏం వింటున్నరు?" అని ఒకసారి నవ్వాను. "బోర్డు జూసి మనిషున్నడనుకోకు, తాళం జూసి లేడనుకోకు. దేవుడు నీకు చెవులెందుకిచ్చిండయ్యా, కండ్లద్దాలు తగిలిచ్చుకోనీకా?" అన్నారు.

పత్రిక ఉద్యోగం మానేశాక నేనూ, అక్కడే వెబ్ విభాగంలో పనిచేసిన స్వప్నా కలిసి బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న టూల్ ఒకటి తయారు చేయడం మొదలుపెట్టాం. ఎవరి కష్టం గురించైనా వార్త తెరిస్తే మూలన ఒక తలుపు బొమ్మ కనబడుతుంది. నొక్కితే ఆ ప్రాంతంలో ఆ కష్టానికి సాయపడే సంస్థ పేరు, ఫోన్ నంబరు వస్తాయి. అయ్యో అనుకుని మరో వార్తకు వెళ్లిపోయే పాఠకుడికి అదొక దారి. సాయం అడిగితే సార్ ఒక్కటే షరతు పెట్టారు. తాను వెళ్లి తట్టినప్పుడు లోపలి నుంచి మనిషి వస్తేనే ఆ సంస్థను అందులో చేర్చాలి.

కంగ్టి అవతల ఒక పల్లెలో వలస కుటుంబాల కోసం కేంద్రం నడుపుతున్నామని ఒక సంస్థ రాస్తే సార్, నేను చూడటానికి వెళ్లాం. చెరకు కోతలకు ఊరు ఊరంతా వెళ్లిపోయిన కాలం. వీధి పొడవునా తాళాలు. ఎవరో తీగ మీద మరిచిపోయిన చొక్కా గాలికి చేతులు ఊపుతోంది. కుక్కలు మమ్మల్ని చూసి మొరగలేదు, లేచి దారి ఇచ్చాయి. సంస్థ బోర్డు తాళం వేసిన ఇంటికి వేలాడుతోంది. తలుపు బొమ్మ కనబడగానే వినిపించడానికి ఒక చప్పుడు కావాలని స్వప్న అడిగి ఉండటంతో, సార్ తడుతుంటే ఫోన్‌లో రికార్డు చేశాను. ఆయన పిలిచారు. చెయ్యి ఆనించి నిలబడ్డారు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. వెనక్కి వచ్చేశాం.

నారాయణఖేడ్‌లోని మా గదిలో స్వప్న ఆ గాలి హోరును తగ్గించి వినిపించింది. "సార్, మీరు కొట్టినంక లోపటి నుంచి ఎవరో మళ్ల కొట్టిన్రు" అంది. సార్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. "లేవయ్యా, జల్దీ. చాయ్ వాపసొచ్చినంక తాగుదువు."

పొద్దు వాలుతుండగా బోర్డు ఉన్న ఇంటి తాళం పగలగొట్టాం. ఖాళీ గది. నేలమీది దుమ్ములో మా అడుగులే మొదటివి. సార్ పక్క గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. "పక్కింట్ల" అన్నారు. ఆ తలుపుకూ తాళమే. అదీ పగలగొట్టాం. లోపల మంచం మీద బాలమణి అనే నడివయసు మనిషి, విరిగిన కాలికి కట్టుతో, పెదాలు పగిలి, స్పృహ లేకుండా పడి ఉంది. కోతలకు వెళ్తూ భర్త ఆమెను పొరుగామెకు అప్పగించాడట. కుక్కలు చొరబడకుండా బయట తాళం వేసి చేనికి వెళ్లిన ఆ పొరుగామెను పాము కరిస్తే అటు నుంచి అటే బీదర్ దవాఖానకు తీసుకెళ్లారు. తాళంచెవి ఆమె కొంగుముడిలోనే ఉండిపోయింది.

బాలమణి బతికింది. కాస్త కోలుకున్నాక దవాఖానలో అడిగాను, గోడను దేనితో కొట్టావమ్మా అని. "నేనెక్కడ కొట్టిన సార్? ముందటి దినమే సోయి దప్పింది. మీరొచ్చింది గూడ నాకెర్కలేదు" అంది. బయటికి వచ్చాక సార్‌కు ఆ మాట చెప్పాను. ఆయన నడక ఆపలేదు. "ఎవరు కొడితే ఏందయ్యా? తలుపు తీసినమా, లేదా?" అన్నారు. కానీ ఆనాటి నుంచి ఏ తలుపు తట్టినా ఆయన చెయ్యి మరికాస్త ఎక్కువసేపు చెక్క మీద ఉండటం చూశాను.

ఆ రికార్డింగే మా టూల్ చప్పుడు. రెండోసారి ఎందుకు వస్తోంది, సరిచేయండని వాడేవాళ్లు రాస్తుంటారు. స్వప్న ఒకసారి కత్తిరించబోయి, "నాతోని గాదు" అని వదిలేసింది. సంస్థలను చూడటానికి ఇప్పుడు నేనే వెళ్తున్నాను. తట్టాక చెయ్యి తీయబుద్ధి కాదు. ఇవాళ తండా వార్త మీదా అలాగే ఆగాను, ఆగి, తలుపు బొమ్మ చూపిన నంబరుకు ఫోన్ చేశాను. మొదటి చప్పుడు సార్‌ది. రెండోది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. అది వినబడేదాకా మాత్రం ఏ వార్తనూ మూయను.