కదలని మెడ

మేము ఆ ఊళ్లో దిగింది మధ్యాహ్నం రెండున్నరకు. సన్నటి వాన. లారీ వెనుక తలుపు తీయగానే ఎర్రమట్టి కనిపించింది. అచ్చం మా పాలమూరు మట్టి. సముద్రం దాటి వచ్చి మా ఇంటి వెనకే దిగినట్టయింది. అది ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. పేరు చెప్పను. ఒకే తల్లి పిల్లల్లాంటి జనం రెండు జట్లయి ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు. మేము ఐక్యరాజ్యసమితి తరఫున నీలం హెల్మెట్లు పెట్టుకుని వాళ్ల మధ్య నిలబడటానికి వెళ్లినవాళ్లం. ఎవరి పక్షమూ పట్టకూడదు, మీద పడితే తప్ప కాల్చకూడదు.

ఇదంతా ఇప్పుడు మాదాపూర్‌లో, సగం కట్టిన అద్దాల మేడ గేటు దగ్గర నిలబడి చెబుతున్నాను. పింఛను తీసుకుని వచ్చి ఏడాది కాలేదు. టీ కొట్టు దగ్గర కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు "అంకుల్, మీరు ఎంతమందిని కాల్చారండి?" అని అడుగుతారు. ఒక్కణ్ణి కూడా కాల్చలేదంటే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. రెండు చోట్లా నాది గేటు పనే బాబూ అంటే నమ్మరు.

అక్కడ మా క్యాంపు ఒక పాత పత్తి మిల్లు. చుట్టూ ఎనిమిది అడుగుల గోడ, ఒకటే ఇనుప గేటు. గేటు పక్కన ఇసుక బస్తాల బంకర్, పైన టార్పాలిన్. బంకర్‌లో నేనూ, మా రేడియో అతనూ. అతనిది కాకినాడ వైపు, వాన పడుతున్నా "పడుతోందండి" అనే మనిషి. గేటు ముందు రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకు వెళ్తే రాజధాని. కుడికి వెళ్తే నది వెంట పల్లెలు. ఊరికి తూర్పున వంతెన. వంతెన ఎవరిదైతే ఊరు వాళ్లది, ఊరు ఎవరిదైతే రాజధాని దారి వాళ్లది. ఆ యుద్ధం మొత్తం ఇంతే.

ఊరిని పట్టుకుని ఉన్నది సర్కారు కల్నల్. ఇస్త్రీ బట్టలు, నల్లద్దాలు, కోటలు దాటే మాటలు. ఆవలి ఒడ్డున తిరుగుబాటు కమాండర్. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడట. తన మనుషులు తిన్నదే తింటాడని, చెప్పిన టైముకు చెప్పింది చేస్తాడని ఊళ్లో అతని శత్రువులు కూడా ఒప్పుకునేవారు.

నాలుగో నెలలో ఒక గురువారం. పొద్దున్నుంచి వాన. పదకొండు నలభైకి రేడియో అతను ఇయర్‌ఫోను తీశాడు.

"హవల్దార్ గారూ, సాయంత్రం నాలుగింటికి వంతెన మీద పడతారటండి. ఆవలి కమాండరే కబురు పెట్టాడండి, జనాన్ని తప్పించమని."

కెప్టెన్‌ను పిలిచాను. కేరళ మనిషి, ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన రేడియోలో పైవాళ్లను అడిగాడు. పదిహేను నిమిషాలకు జవాబు వచ్చింది. జనాన్ని క్యాంపులోకి రానివ్వొద్దు. రేడియో అతను రాసిచ్చిన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. బయటికెళ్లి వానలో కాసేపు నిలబడి వచ్చాడు.

"గేటు తెరువు" అన్నాడు హిందీలో.

"పైనుంచి ఆర్డర్ లేదు సార్."

"పైవాళ్లు ఈ గేటు దగ్గర లేరు. ఆర్డర్ నాది. టైము రాసుకో, పన్నెండు ఐదు."

ఆ ఒక్క మాటకు ఆయన ఉద్యోగం ఊడిపోయేదే. నాయకుడంటే ఎవరో పదిహేడేళ్ల సర్వీసులో నాకు ఆ రోజు తెలిసింది.

జనం వచ్చారు. ముసలివాళ్లు, బాలింతలు, మేకలు, పరుపులు. వాళ్ల భాష మాకు రాదు. ఇంగ్లీషు వచ్చిన స్థానికుడొకాయన దుబాసీగా గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ మాటతో లోపలికి పిలిచాడు. మూడింటికి జనం రావడం ఆగిపోయింది. లోపల ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని దుబాసీని పిలుచుకుపోయారు. నేను గేటు సగం మూసి, ఒక చేతిలో రైఫిల్, ఒక చేతిలో తడిసిన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను.

మూడు పదికి ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తలమీద చేతి కుట్టుమిషన్. వెనుక ఆమె తల్లి, ఒక ఆడపిల్ల. గేటుకు పది అడుగుల దూరంలో ఆగింది. తనను చూపించింది, తల్లిని చూపించింది, పిల్లను చూపించింది. తర్వాత గేటు లోపలికి వేలు చూపించి నా ముఖంలోకి చూసింది.

నేను తల ఊపాను. మనం సరే అనడానికి ఊపుతామే, అటూ ఇటూ, అలాగ. ఆఁ, రా, అన్నట్టు.

ఆమె ఇంకో క్షణం చూసింది. తలమీద బరువు కదా, మెడ తిప్పలేదు. ఒళ్లంతా మెల్లగా తిప్పుకుని నది దారి పట్టింది. తల్లీ పిల్లా వెనకాలే. ఇంకెవరో మిగిలిపోయారేమో, తేవడానికి వెళ్తోందిలే అనుకున్నాను. పిలవలేదు.

మూడు ముప్పై అయిదుకు కల్నల్ జీపు మా ముందు నుంచే రాజధాని వైపు పోయింది. అంత వానలోనూ నల్లద్దాలు తీయలేదు. వెనకాల సామాన్ల లారీలు. "ఎల్లిపోయాడండీ" అన్నాడు రేడియో అతను. అతని సైనికులూ చూశారు. నాయకుడే పారిపోతే వంతెన ఎవడి కోసం కాయాలి? లారీలతో రాజధాని రోడ్డు నిండిపోయింది. వాళ్లు తుపాకులు పారేసి నది దారిలో పరుగెత్తారు. సరిగ్గా నాలుగింటికి ఆవలి ఫిరంగులు మొదలయ్యాయి. సైనికులు ఎటు పరుగెత్తితే అటే గుండ్లు పడ్డాయి. ఆరుంబావుకు వంతెన చేతులు మారింది. రెండు నెలలకు రాజధాని కూడా. ఒకడు జీపు ఎక్కడంతో ఒక దేశం తలరాత తేలిపోయింది.

ఏడింటికి దుబాసీని అడిగాను, మిషన్ మోసుకొచ్చినామె మళ్లీ ఎందుకు రాలేదని. నేనేం చేశానో చేసి చూపించాను. ఆయన ముఖం మారిపోయింది.

"అయ్యా, మా దగ్గర అలా ఊపితే వద్దు, పో అని."

దేవుడు కరుణించినా పూజారి వరమివ్వలేదంటారు. ఆ పూజారిని నేనే.

మర్నాడు ఏడింటికి నది దారిలో గస్తీ. మూడో కిలోమీటరు దగ్గర కాలువలో మిషన్ ఒరిగి పడి ఉంది. మనుషులు లేరు. గెలిచినవాళ్లు తెల్లారేసరికి శవాలను పూడ్చేశారు, ఎవరిని ఎక్కడో ఎవరూ చెప్పలేదు. బరువని మిషన్ పారేసి ముగ్గురూ తప్పించుకుని ఉండొచ్చు. మన దేశం తిరిగి వచ్చేదాకా కనిపించిన వాళ్లనల్లా అడిగాను. తప్పించుకున్నారనే ఇప్పటికీ రోజూ నాకు నేను చెప్పుకుంటాను. ఒక్కరోజు కూడా నమ్మలేదు.

కెప్టెన్‌కు అంతా చెప్పాను. ఆయన కళ్లు దించుకుని విన్నాడు. చివర్లో, అర్థమైందన్నట్టు, తల ఊపాడు. అటూ ఇటూ. సగంలో ఆగిపోయాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

తిరిగి వచ్చాక నా మెడ కదలడం మానేసింది. అడిగినదానికల్లా నోటితోనే జవాబు. నా భార్య నెల రోజులు చూసింది. "ఏంది, మెడ పట్టిందా? జర దవాఖానకు పోదాం నడువు" అంది. డాక్టరు ఎక్స్‌రే తీసి మెడ బంగారంలా ఉందన్నాడు. ఇక్కడి మేస్త్రీలు నాకు కొయ్యబొమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

మా మేడ పక్కన ఇంకో మేడ కోసం గుట్టను పేలుస్తున్నారు. రోజూ ఒంటిగంటకు. పది నిమిషాల ముందు సీటీ ఊది, ఎర్రజెండా పెట్టి, కూలీలందరినీ మా గేటు లోపలికి తేవడం నా డ్యూటీ. మొన్న ఒకామె వెనకబడింది. తలమీద కంకర తట్ట. రోడ్డు మధ్యలో ఆగి అరిచింది.

"అన్నా, ఇటు రావాల్నా, అటు పోవాల్నా?"

ఆమెది మా పాలమూరే. తల ఊపితే ఇట్టే అర్థమవుతుంది. నేను పరుగెత్తి వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాను. "లోపలికి రా, లోపలికి, లోపలికి" అంటూ గేటు దాకా నడిపించాను.

తట్ట దించి ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గింతదానికి గిట్ల ఒర్లుతవేందన్నా? తల ఊపితే సాలదా?"

"సాలదమ్మా" అన్నాను.

గుట్ట పేలింది. ఆ చప్పుడుకు ఎప్పుడూ నా కళ్లు మూసుకుపోతాయి. మూస్తే అదే వాన, అదే ఎర్ర దారి. నిటారుగా ఒక మెడ, దాని మీద కుట్టుమిషన్. అడుగు పడినప్పుడల్లా మిషన్ చక్రం కొంచెం కొంచెం తిరుగుతుంటుంది. నేను బంకర్ పక్కన నిలబడి, ఇంకెవరినో తేవడానికి వెళ్తోందిలే అనుకుంటూ చూస్తుంటాను.